కార్తీకంలో కాశీ వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

గంగలో దిగేటప్పుడు గట్టుకు దగ్గర్లోనే మునగండి. వరద తీశాక మెట్ల మీద మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది, కాలు జర్రున జారుతుంది. నీళ్ల కింద మెట్లు ఎక్కడ ఆగిపోతాయో పైకి కనిపించదు. పెద్దవాళ్ల చెయ్యి అస్సలు వదలకండి.

పడవలో లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. దేవ్ దీపావళి, అంటే కార్తీక పౌర్ణమి రాత్రి నదంతా పడవలే.

టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. వారణాసి జంక్షన్, బనారస్ వేరువేరు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ అంటే పాత మొఘల్‌సరాయ్, అది గంగకు అవతలి వైపు. అక్కడ దిగితే ఆటో ప్రయాణం ఎక్కువ.

విశ్వనాథుడి గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. లాకర్ రద్దీకి టైం పెట్టుకోండి, లేదా గదిలోనే వదిలి వెళ్లండి.

శవాలను దహనం చేసే మణికర్ణిక ఘాట్‌లో ఫోటోలు వద్దు. అక్కడ ఎవరిదో కుటుంబం ఏడుస్తూ ఉంటుంది. కట్టెల కోసమంటూ డబ్బులడిగేవాళ్లకు ఇవ్వకండి, ఆ సొమ్ము చితికి చేరుతుందన్న నమ్మకం లేదు.

సామాను తగ్గించండి. గల్లీల్లోకి ఆటో రాదు.