సున్నాల లెక్క – 4వ పాఠం: 93 రెట్టింపులు

పోయిన పాఠంలో ఒక్క ముక్క గుర్తుంటే చాలు. పదిసార్లు రెట్టింపు చేస్తే 1024, అంటే ఉజ్జాయింపుగా వెయ్యి, అంటే మూడు సున్నాలు. ఇవాళ కూడా కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు.

1979 డిసెంబరులో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ సెంటర్‌లో పనిచేస్తున్న భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ గూత్ (అప్పటికి 32 ఏళ్లు, పర్మినెంట్ ఉద్యోగం కూడా లేదు) ఓ రాత్రి కూర్చుని వేసిన లెక్క ఇది. నోట్‌బుక్‌లో ‘అద్భుతమైన సంగతి తట్టింది’ అన్న అర్థం వచ్చేలా రాసుకుని, దాని చుట్టూ రెండు డబ్బాలు గీసుకున్నాడు. తొలి క్షణాల్లో విశ్వం మామూలుగా కాకుండా రెట్టింపు మీద రెట్టింపుగా ఉబ్బి ఉంటుందని ఆయన ఊహ. ఎంత ఉబ్బాలి? కనీసం ఒకటి పక్కన 28 సున్నాలన్ని రెట్లు.

ఇప్పుడు మీ పని: దానికి ఎన్ని రెట్టింపులు కావాలి? మూడు సున్నాలకు పది చొప్పున 28 సున్నాలకు సుమారు 93. అంతే! ఇక్కడ చాలామంది 93ని రెండుతో గుణించి 186 రెట్లు అనేస్తారు, మొదట్లో నేనూ అదే చేశాను. కానీ ఇది రెట్టింపు మీద రెట్టింపు, రెండును రెండుతో 93 సార్లు వరసగా గుణించుకుంటూ పోవడం. ఇక సమయం సంగతి. ఒక్కో రెట్టింపుకు, సెకనును పదితో 37 సార్లు భాగిస్తే వచ్చేంత సమయం పడుతుందనుకోండి. 93 అంటే దాదాపు వంద కాబట్టి రెండు భాగహారాలు తగ్గించండి, 35 సార్లు. మొత్తం ఉబ్బడానికి పట్టిన సమయం అదే.

ఇంత ఉబ్బితే ఒరిగేదేమిటి? విశ్వం పుట్టి ఒక సెకను అయ్యేసరికి దాని సాంద్రత, ‘సందిగ్ధ సాంద్రత’ అనే ఒక ప్రత్యేక విలువకు దాదాపు 15 దశాంశ స్థానాల దాకా సరిపోవాలి, లేకపోతే ఈపాటికి కుప్పకూలో చెల్లాచెదురయ్యో ఉండేది. మామూలు వ్యాకోచంలో ఆ విలువకూ అసలు సాంద్రతకూ ఉన్న తేడా పెరుగుతూ పోతుంది. గూత్ చెప్పిన ఉబ్బులో మాత్రం సైజు రెట్టింపైన ప్రతిసారీ తేడా నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు రెళ్లు నాలుగు కదా, అందుకని సున్నాలు కూడా రెండింతలు: 28కి 56. మొదట్లో తేడా ఎంతున్నా కరిగిపోతుందన్నమాట!

అయితే ఉబ్బడం మొదలైతే ఆగేదెలా అన్న చిక్కు ఆయన్నీ వదల్లేదు, 1981 పేపర్లో తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత లిండే, ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ అనే భౌతికశాస్త్రజ్ఞులు దారి చూపారు. ఆ కథ మన లెక్కకు అక్కర్లేదు.

ఇంటిపని: భౌతికశాస్త్రజ్ఞులు రెట్టింపుల్లో కాకుండా ‘ఈ-ఫోల్డ్’లలో లెక్కపెడతారు, అంటే ఒక్కోసారి 2.718 రెట్లు. పది రెట్టింపులంటే సుమారు ఏడు ఈ-ఫోల్డ్‌లు. మరి 60 ఈ-ఫోల్డ్‌లకు ఎన్ని రెట్టింపులు, ఎన్ని సున్నాలు? జవాబు 5వ పాఠం మొదట్లో.