పొడుగాటి ఇంగ్లీషు మాటలు – 4వ పాఠం: ఒకే మాటకు రెండు కోతలు

పోయిన పాఠంలో మాటను సిలబుల్స్‌గా విడగొట్టాం. ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని సిలబుల్స్. రాసిన అచ్చులు లెక్కలోకి రావు. 'మేక్' చివర ఇ రాస్తాం కానీ పలకం, అందుకే అది ఒక్క సిలబులే.

ఈసారి రెండో కోత. పలకడానికి సిలబుల్స్ కావాలి. అర్థానికి, స్పెల్లింగ్‌కి మాత్రం ఆ మాట ఏయే ముక్కలతో తయారైందో తెలియాలి. ఈ రెండు కోతలూ ఒకేచోట పడాలని లేదు. పద్యానికి గణవిభజన చేస్తే గణం మాట మధ్యలో విరుగుతుంది కదా, ఇదీ అంతే.

హెలికాప్టర్ తీసుకోండి. నోటికి హె-లి-కాప్-టర్, నాలుగు. అర్థానికి రెండే: హెలికో, ప్టర్. రెండూ గ్రీకు నుంచి వచ్చినవే. మొదటిది మెలి తిరిగినదని, రెండోది రెక్క అని చెబుతాయి. ఆ రెక్కే టెరోడాక్టిల్ అనే పాతకాలపు ఎగిరే జంతువు పేరులోనూ ఉంది. దాని స్పెల్లింగ్ పి, టి లతో మొదలవుతుంది. ఇంగ్లీషులో మాట మొదట ఆ జంట పలకదు కాబట్టి పి మూగబోయింది. హెలికాప్టర్‌లో అదే పి ముందున్న 'కా'ను ఆనుకుని 'కాప్' అయి, చక్కగా వినిపిస్తుంది. నాకు ఈ ఉదాహరణ ఎంతో ఇష్టం. ఇది పట్టుబడితే సగం పాఠం వచ్చేసినట్టే.

ఇప్పుడు పెద్దది: ఇంటర్నేషనలైజేషన్. జెడ్‌తో రాస్తే 20 అక్షరాలు. మొదటి ఐకి, చివరి ఎన్‌కి మధ్య 18 ఉన్నాయని సాఫ్ట్‌వేర్ వాళ్లు ఐ18ఎన్ అని రాసేస్తారు. టెన్షన్ పడకుండా లోపలి నుంచి కట్టుకుంటూ రండి. నేషన్. దానికి అల్ చేరితే నేషనల్. ముందు ఇంటర్, వెనక ఐజ్, ఆపైన ఏషన్. ఏషన్ చేరగానే ఐజ్ చివరున్న ఇ పోతుంది. స్పెల్లింగ్‌లో ఎక్కువగా తప్పేది అక్కడే. సిలబుల్స్ ఎనిమిది. 'షన్'తో ముగిసే మాటల్లో ఊనిక దాని ముందు సిలబుల్ మీద పడుతుంది, ఇక్కడ 'జే' మీద. ఇంకొకటి: మనం నేషనల్ అంటాం కానీ, బ్రిటన్‌లో, అమెరికాలో అల్ చేరగానే 'నే' కాస్తా 'న్యా' అయి న్యాషనల్ అని వినిపిస్తుంది.

అభ్యాసం: కమ్యూనికేషన్, అన్‌ఫర్‌గెటబుల్, ఇర్రెస్పాన్సిబిలిటీ. ఒక్కోదాన్ని నోట్‌బుక్‌లో రెండు వరుసల్లో రాయండి, పైన సిలబుల్స్, కింద ముక్కలు. మూడోదానికి ఒక ఆధారం ఇస్తాను: ముందున్న 'ఇర్' అసలు 'ఇన్'. పక్కనున్న ఆర్‌ని బట్టి మారింది. ఇంపాసిబుల్, ఇల్లీగల్ మాటల్లోనూ అదే 'ఇన్' వేషం మార్చుకుంది. వచ్చే పాఠం దాని మీదే.