థర్మాకోల్‌తో వాస్కరాన్ మంచుకొండ మోడల్ చేయడం ఎలా

మా పాప ఏడో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి పెరూ దేశంలోని వాస్కరాన్ కొండ చేశాం. సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో నాలుగు సాయంత్రాలు పట్టింది.

ముందు పేరు సరిగ్గా రాయించండి. స్పెల్లింగ్ Huascarán. స్పానిష్‌లో మొదటి హెచ్ పలకదు, అందుకే వాస్కరాన్. అక్కడి క్వెచువా భాషలో దీన్నే మతరాహు అని కూడా అంటారు. జె అక్షరంతో రాస్తారు కాబట్టి మనవాళ్లు గబుక్కున 'మతరాజు' అని చదివేస్తారు. మత అంటే కవలలు, రాహు అంటే మంచుకొండ. నిజంగానే దానికి రెండు శిఖరాలు. దక్షిణ శిఖరం 6,768 మీటర్లు, పెరూలో అదే ఎత్తైనది. ఉత్తరపుది వంద మీటర్ల పైచిలుకు తక్కువ.

అరంగుళం షీట్లు తీసుకోండి. ఒక్కో షీటు 300 మీటర్లనుకుంటే, 2,500 మీటర్ల లోయ నుంచి పైకి పద్నాలుగు పడతాయి. ఈ లెక్కన మన ఇంద్రకీలాద్రి ఒక్క షీటు మందం కూడా రాదు! పన్నెండు షీట్లయ్యాక కొండని రెండుగా చీల్చండి. ఉత్తర శిఖరం కొస కాస్త గీకండి.

అతికించడానికి ఫెవికాలే వాడండి. ఘాటు వాసనొచ్చే రబ్బరు జిగురూ, స్ప్రే పెయింటూ థర్మాకోల్‌ని తినేస్తాయి. మా మొదటి కొండ అలాగే పోయింది, పాప ఏడ్చింది కూడా. పైన మైదా జిగురుతో పేపరు ముక్కలు అంటించండి. బెజవాడ ఉక్కలో ఒక్కో పొర ఆరడానికి రాత్రంతా పడుతుంది. తడి మీద ఇంకో పొర వేస్తే బూజే.

మంచుకి ముగ్గు. ఎనిమిదో షీటు పైనుంచి ఫెవికాల్ పూసి, జల్లించిన రాతిముగ్గుని వాకిట్లో వేసినట్టే వేళ్ల సందుల్లోంచి వదలండి. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి. ఉత్తర శిఖరం పడమటి వైపు నిట్టనిలువు రాయి, అక్కడ బూడిదరంగు వదిలేయండి.

ఆ రాయి కింద యుంగాయ్ ఊరు తప్పకుండా పెట్టండి. 1970 మే 31న భూకంపానికి ఆ శిఖరం నుంచి మంచూ రాళ్లూ విరిగిపడి, నిమిషాల్లో ఊరు పూడిపోయింది. శ్మశానం గుట్ట ఎక్కినవాళ్లు కొందరు బతికారు. ఊరి నడిబొడ్డున నాలుగు తాళజాతి చెట్లు మాత్రం బురదలోంచి తలెత్తి నిలిచాయి. "మిగతావాళ్లు ఎందుకు పరిగెత్తలేదు నాన్నా?" అని అడిగింది మా పాప. టైమే లేదమ్మా అన్నాను.

చీపురుపుల్లలకి ఆకుపచ్చ కాగితం చుట్టి ఆ నాలుగు చెట్లూ తనే చేసింది. వాటిని ఆఖర్న గుచ్చండి. ముందే పెడితే ముగ్గు పడి తెల్లబడిపోతాయి.