చేప డల్‌గా ఉందా? మందు పోసే ముందు నీళ్లు చూడండి

చేప ఒక మూలకి చేరి తిండి మానేసిందంటే చాలామంది వెంటనే ఏదో ఒక మందు తెచ్చి ట్యాంకులో పోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చేప ఊపిరి తీసుకునేదీ, విసర్జించేదీ అదే నీళ్లలో కాబట్టి, నీళ్లు పాడైతే దాని ఒంట్లో ముందు శక్తి పోతుంది, ఆ తర్వాతే జబ్బు పట్టుకుంటుంది. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. చేప విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా సున్నా, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ సున్నా ఉండాలి, చివరగా మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) దాటకూడదు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే జబ్బు పేరు వెతకండి.

చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

ఒక్క చేపే అలా చేస్తుంటే దాని మొప్పల్లో ఏదో ఉందని అనుమానించాలి. అన్నీ కలిసి చేస్తుంటే మాత్రం తప్పు నీళ్లదే. ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు (నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ నిలవదు, మొక్కలు ఎక్కువున్న ట్యాంకుల్లో తెల్లవారుజామున మరీ తగ్గుతుంది, ఎందుకంటే రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి), అమ్మోనియా పెరిగి మొప్పలు మండుతూ ఉండొచ్చు, లేదా నైట్రైట్ రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని తీసేసి ఉండొచ్చు. నైట్రైట్ ఎక్కువైతే మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమ రంగులో కనిపిస్తాయి. బెట్టా, గౌరామీ లాంటివి అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి తీసుకోవడం మామూలే, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు.

ఏం చేయాలంటే, ముందు ఎయిర్ పంప్ పూర్తిగా తెరిచి నీటి పైభాగం బాగా కదిలేలా చేయండి. సగం నీళ్లు తీసి, క్లోరిన్ తీసేసిన, అదే వేడిలో ఉన్న కొత్త నీళ్లు పోయండి. ఒకటి రెండు రోజులు మేత ఆపండి, చేపకి ఏమీ కాదు. నైట్రైట్ కనిపిస్తే లీటరుకి అర గ్రాము మామూలు ఉప్పు కరిగించి పోస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు.

ఈ సమస్య నేనే తెచ్చుకున్న సందర్భం ఒకటి చెప్పాలి. ఫిల్టర్ స్పాంజి మీద పట్టిన గోధుమరంగు జిగురుని మురికి అనుకుని, కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. రెండో రోజు సాయంత్రానికి గప్పీల తోకలు ముడుచుకున్నాయి. మూడో రోజు పొద్దున లైటు వేసేసరికి పన్నెండూ అద్దం పక్కన వరుసగా, మూతులు నీటి అంచుకి ఆనించి, మొప్పలు చకచకా ఆడిస్తూ కనిపించాయి. అమ్మోనియా టెస్టు పసుపు రంగులో ఉండాల్సింది ముదురు ఆకుపచ్చగా తిరిగింది. నాలుగు చేపలు పోయాయి. నేను కడిగేసిన ఆ జిగురులోనే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. అందుకే స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే రెండు మూడుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి, అంతకంటే శుభ్రం వద్దు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ లోపు ట్యాంకు నిండా చేపలు వేసేస్తే ఇదే కథ.

ఒంటి మీద తెల్ల చుక్కలు

ఉప్పు రవ్వలు చల్లినట్టు ఒంటి మీద, రెక్కల మీద తెల్ల చుక్కలు కనిపించి, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే అది ఇక్ అనే పరాన్నజీవి. కొత్త చేపతోనో, వేరే ట్యాంకులోంచి వచ్చిన మొక్కతోనో వస్తుంది, నీళ్లు ఒక్కసారిగా చల్లబడినప్పుడు చేప తట్టుకోలేక విజృంభిస్తుంది. మగ గోల్డ్ ఫిష్‌కి జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్ల చుక్కలు వస్తాయి, అది జబ్బు కాదు. చుక్కలు అక్కడ మాత్రమే ఉండి చేప హుషారుగా తింటుంటే వదిలేయండి.

ఇక్ వైద్యంలో అందరూ దెబ్బతినేది ఒక్క చోటే. మనకు కనిపించే చుక్క చేప చర్మం కింద ఉంటుంది, ఏ మందూ దాన్ని తాకలేదు. అది పెరిగి, రాలి, అడుగున రాళ్ల మధ్య గూడు కట్టుకుని, అందులోంచి వందల కొద్దీ పిల్లలు బయటికి ఈదుకుంటూ వస్తాయి. వాటికి రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఆ ఈదే దశ మీద మాత్రమే. అందుకే మూడో రోజు చుక్కలన్నీ రాలిపోగానే "తగ్గిపోయింది" అని మందు ఆపేస్తే, వారం తిరక్కుండా రెట్టింపుగా తిరిగొస్తుంది. చుక్కలు పోయాక కూడా కనీసం ఇంకో వారం కొనసాగించండి.

వేడి తట్టుకునే చేపలైతే హీటర్‌తో రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 30 డిగ్రీలకి తెచ్చి, పది నుంచి పద్నాలుగు రోజులు అక్కడే ఉంచండి. వేడికి పురుగు జీవితచక్రం వేగంగా తిరుగుతుంది కాబట్టి ఈదే దశ త్వరగా బయటపడుతుంది. గాలి మాత్రం రాత్రీపగలూ ఆడాలి. దీనితో పాటు లీటరుకి రెండు గ్రాముల ఉప్పు, ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో విడతలుగా కలపొచ్చు. కోరీడోరస్, లోచ్‌ల లాంటి అడుగున తిరిగే చేపలు ఉప్పుకి త్వరగా ఇబ్బంది పడతాయి, చాలా మొక్కలు కూడా పాడైపోతాయి, అవి ఉన్న ట్యాంకులో ఉప్పు జోలికి పోకండి. రోజూ సైఫన్ పైపుతో అడుగు రాళ్లు పీల్చి తీయడం మర్చిపోవద్దు, గూళ్లలో చాలా భాగం దాంతోనే బయటికి పోతాయి.

చుక్కలు కాకుండా పక్కనుంచి టార్చ్ వేస్తే బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంటే అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు. ఇక్ కంటే వేగంగా చంపుతుంది. ఆ పరాన్నజీవి వెలుతురు మీద కూడా బతుకుతుంది కాబట్టి లైటు ఆపేసి, ట్యాంకుకి గుడ్డ కప్పి, వెల్వెట్‌కి పనిచేస్తుందని సీసా మీద రాసి ఉన్న మందు వాడండి. చాలావాటిలో రాగి ఉంటుంది. రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది, వాటిని ముందే తీసేయండి.

రెక్కలు చిరుగుతున్నాయి, దూది పట్టినట్టుంది

రెక్క అంచు తెల్లబడి లేదా ఎర్రబడి రోజురోజుకీ అరుగుతూ పోతే ఫిన్ రాట్, అంటే రెక్క కుళ్లు. అంచు శుభ్రంగా ఉండి ముక్క ఎగిరిపోయినట్టుంటే పక్క చేప కొరుకుతోందన్నమాట, కాసేపు ట్యాంకు ముందు కదలకుండా కూర్చుంటే దొంగ దొరుకుతుంది. మొదటి దశలో ఫిన్ రాట్‌కి మందే అక్కర్లేదు, రోజు విడిచి రోజు పాతిక శాతం నీళ్లు మారుస్తూ పోతే కొత్త రెక్క పారదర్శకంగా మొలుస్తుంది. అరుగుదల రెక్క మొదలు దాకా వచ్చేస్తే ఆగకండి, బ్యాక్టీరియా మందు కావాలి.

దూది విషయంలో జాగ్రత్త. గాయం మీద పొడవాటి మెత్తని పోగులు కనిపిస్తే ఫంగస్. మూతి చుట్టూ తెల్లగా, పొట్టిగా పట్టి, లేదా వీపు మీద జీను వేసినట్టు మచ్చ పరుచుకుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా, ఫంగస్ మందు దానికి పనిచేయదు. ఇక్ అనుకుని వేడి పెంచారంటే ఒకటి రెండు రోజుల్లోనే ట్యాంకు ఖాళీ అయిపోవచ్చు, ఎందుకంటే వేడిలో ఇది ఇంకా రెచ్చిపోతుంది.

పొట్ట ఉబ్బింది, తలకిందులుగా తేలుతోంది

చేపని పైనుంచి చూడండి. పొలుసులు పైకి లేచి పైన్ కాయలా కనిపిస్తే డ్రాప్సీ, అంటే ఒంట్లో నీరు చేరడం. లోపల మూత్రపిండాలు దెబ్బతిని నీరు పట్టేసింది. చాలా చేపలు బతకవు, ఈ మాట దాచడం నాకిష్టం లేదు. విడిగా పెట్టి, 20 లీటర్లకి ఒక టీ చెంచా ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, వంట ఉప్పు కాదు) కలిపితే నీరు కొంత దిగుతుంది, చేపల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్ దొరికితే వెంటనే అడగండి. పొలుసులు నున్నగా ఉండి పొట్ట మాత్రమే పెరిగితే అతిగా తినడమో, గుడ్లో, గప్పీ, మాలీల్లో అయితే పిల్లలో కావచ్చు. గుండ్రటి గోల్డ్ ఫిష్ తలకిందులైతే రెండు మూడు రోజులు మేత ఆపి, తర్వాత ఉడికించి తొక్క తీసిన బఠానీ ముక్క పెట్టండి. మలబద్ధకమైతే దాంతో సర్దుకుంటుంది.

మందు తప్పదనుకున్నప్పుడు

ముందు లీటర్లు లెక్కేయండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించాలి. 60, 30, 30 అయితే 54 లీటర్లు, రాళ్లూ బొమ్మలూ తీసేస్తే ఇంకా తక్కువే. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. రెండు మందులు ఒకేసారి కలపొద్దు. చేతికి కోత ఉంటే గ్లోవ్స్ లేకుండా నీళ్లలో పెట్టొద్దు, చేపల్లో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా మనిషి చర్మానికి కూడా పట్టుకుంటుంది.

కొత్త చేప తెచ్చినప్పుడు

20 లీటర్ల మామూలు ప్లాస్టిక్ టబ్, ఒక చిన్న స్పాంజి ఫిల్టర్, హీటర్, మూత చాలు. కొత్త చేపని నాలుగు వారాలు అందులోనే ఉంచండి. స్పాంజిని ముందే పెద్ద ట్యాంకులో ఒక నెల నాననిస్తే బ్యాక్టీరియా దాని మీద సిద్ధంగా ఉంటుంది. వల, పైపు, బకెట్ ఈ టబ్‌కి విడిగా పెట్టుకోండి, తడి వలతో కూడా ఇక్ పాకుతుంది. రోజూ మేత వేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనకబడ్డారు అని చూడండి. నిన్నటిదాకా ముందుండే చేప ఇవాళ రాలేదంటే టెస్ట్ కిట్ తీయండి.