నంబరు చూసి ఆయిల్ పోయించేస్తున్నారా? టర్బో పెట్రోల్ కారున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

మొన్న తెలిసినాయన కారింజిన్ విప్పారు. మూడో సిలిండర్ పిస్టన్‌లో రెండు రింగుల మధ్య అంచు గోరంత ముక్క ఊడిపోయి ఉంది. ఆయిల్ తగ్గలేదు, ఇంజిన్ కాగలేదు. పోయించింది 5డబ్ల్యూ-30, కారు పుస్తకంలో ఉన్నదీ అదే. కానీ ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఆయిల్‌కిచ్చే గ్రేడుల్లో పుస్తకం ఎస్‌పీ అడిగింది, డబ్బా మీద పాత గ్రేడు ఎస్‌ఎన్ ఉంది. మన కొంపలు ముంచేది ఈ రెండక్షరాలే.

5డబ్ల్యూ-30 అన్నది ఆయిల్ చిక్కదనం సంగతి మాత్రమే. లోపల ఏ మందులు కలిపారో అది చెప్పదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. కొంత గోడకు తగిలి అక్కడి ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఆ చుక్కలు పైకి లేచి, టర్బో ఒత్తిడికి స్పార్క్ పడకముందే అంటుకుంటాయి. ఎల్‌ఎస్‌పీఐ (లో స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్) అనేది దీన్నే. పిస్టన్ అంచు ఊడేది ఈ దెబ్బకే. మామూలు నాకింగైతే, అంటే స్పార్క్ పడ్డాక మిగిలిన పెట్రోల్ తనంతట తానే పేలితే, కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరిపి కాపాడుతుంది. ఇక్కడ స్పార్క్ కంటే ముందే మంట లేచింది కదా, జరిపి ఏం లాభం?

ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్ దీన్ని ఎగదోస్తుంది. అందుకే కాల్షియం తగ్గించి మెగ్నీషియం వాడే ఆయిళ్లు వచ్చాయి. 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ గ్రేడులు ఎల్‌ఎస్‌పీఐని ఆపుతాయా అని చూసే పరీక్షతోనే వచ్చాయి. ఉత్త ఎస్‌ఎన్‌కు ఆ పరీక్ష లేదు. పుస్తకం వేరే స్పెసిఫికేషన్ అడిగితే అదే పోయాలి.

ఇక వినండి. నంబరు ఒక్కటే చూడొద్దు, అక్షరాలు చూడండి. టాపప్‌కు కూడా అదే ఆయిల్. లారీ డీజిల్ ఆయిల్ "గట్టిది" అని ఎవరు చెప్పినా పోయించొద్దు. పైనుంచి కలిపే సీసా మందులు అసలొద్దు. పై గేరులో, 1500 ఆర్‌పీఎం దగ్గర, ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కి పట్టొద్దు, గేరు దించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందని సంబరపడకండి, వాసన చూడండి, పెట్రోల్ కొడితే ఆయిల్ మార్చండి. మార్చే గడువు సాగదీయొద్దు. బండి లాగుతున్నప్పుడు సుత్తితో కొట్టినట్టు ఒక్కసారి టంగుమంటే వెంటనే కాలు తీయండి, చూపించండి. మెకానిక్ డబ్బా మూత తీయకముందే వెనక్కి తిప్పి చదవండి. నంబరు కాదండీ, అక్షరాలు! ఇంట్లో పాత డబ్బాలో అరలీటరు మిగిలిందా? గేటు బందులకు పోసుకోండి.