ట్యూబ్ యాంప్లిఫయర్‌లో హై వోల్టేజ్ పెంచే ముందు

సొంతంగా కట్టుకున్న హామ్ (అమెచ్యూర్ రేడియో) యాంప్లిఫయర్‌లో ప్లేట్ (ట్యూబ్ ఆనోడ్) వోల్టేజ్ పెంచబోతున్నారా? మూత తీయకముందే ఇవి చూసుకోండి.

• ప్లగ్ పీకినంత మాత్రాన ప్రమాదం పోదు. ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్ ప్రాణం తీస్తుంది. ఆ ఛార్జ్‌ను ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయినా పైకి తెలియదు, దాన్ని నమ్ముకోవద్దు. మీటర్‌తో కొలవండి. సున్నాకి దిగాక ఎర్త్‌కు కలిపిన ఇన్సులేటెడ్ కర్రను హై వోల్టేజ్ లైనుకు తగిలించి, పని అయ్యేదాకా అక్కడే ఉంచండి. ఒంటరిగా మాత్రం దయచేసి చేయొద్దు.

• మీటరుకూ హద్దుంది. చాలా మల్టీమీటర్లు 1000 వోల్టుల వరకే. ఆపైన హై వోల్టేజ్ ప్రోబ్ కావాలి.

• కెపాసిటర్ల రేటింగ్‌ను లోడ్ లేనప్పటి వోల్టేజ్‌తో పోల్చండి. 1500 వోల్టుల సెకండరీ, బ్రిడ్జ్ రెక్టిఫయర్ తర్వాత సుమారు 2120కి చేరుతుంది. మెయిన్స్ 10 శాతం పెరిగితే 2330. సిరీస్‌లో ఉన్న ప్రతి కెపాసిటర్‌కూ సమాంతరంగా ఒకే విలువ రెసిస్టర్ ఉండాలి, లేకపోతే ఒకదాని మీదే భారం పడుతుంది.

• వోల్టేజ్ 20 శాతం పెరిగితే బ్లీడర్ వేడి 44 శాతం పెరుగుతుంది. వాటేజ్ మళ్లీ లెక్కకట్టండి.

• ప్లేట్ బ్లాకింగ్ కెపాసిటర్ (రేడియో సిగ్నల్‌ను వదిలి డీసీని ఆపేది) షార్టయితే హై వోల్టేజ్ నేరుగా యాంటెన్నాకు వెళ్తుంది. అవుట్‌పుట్ నుంచి ఎర్త్‌కు ఆర్‌ఎఫ్ చోక్ (డీసీని వదిలి రేడియో సిగ్నల్‌ను ఆపే కాయిల్) తప్పనిసరి. అప్పుడు ఫ్యూజ్ పోతుంది, మనిషి మిగులుతాడు.

• బయాస్ (ట్యూబ్ కరెంట్‌ను అదుపు చేసే గ్రిడ్ వోల్టేజ్) మళ్లీ సెట్ చేయాలి. పాత బయాస్‌తో ఐడిల్ (సిగ్నల్ లేనప్పటి) కరెంట్ పెరిగి ప్లేట్ ఎర్రబడుతుంది.

• ట్యూనింగ్ కెపాసిటర్ పలకల మధ్య ఖాళీ చాలకపోతే ఆర్క్ వస్తుంది.