ఇంటి కాఫీ, మూడో పాఠం: మూకుట్లో గింజలు వేయించడం

పోయిన పాఠంలో పచ్చి గింజల్లోంచి రాళ్లు, విరిగినవి, నల్లబడినవి ఏరేశాం. ఇక పొయ్యి వెలిగిద్దాం.

మందపాటి ఇనప మూకుడు, చెక్క గరిటె, చిల్లుల గిన్నెలు రెండు, టేబుల్ ఫ్యాను, చాట ఉంటే చాలు. విడతకి 150 గ్రాములు మించొద్దు. ఎక్కువ పోస్తే అడుగువి మాడతాయి, పైవి పచ్చిగా ఉండిపోతాయి. మొదటిసారి పీబెర్రీ, అంటే కాయలో ఒకే గింజ ఉండేది, కొనండి. గుండ్రటి గింజ కాబట్టి మూకుట్లో బాగా దొర్లుతుంది. అరకుదైనా చిక్కమగళూరుదైనా సరే. అరబికా, రోబస్టా అనే రెండు కాఫీ రకాలు ఒకేసారి వేగవు, విడివిడిగా వేయించి తర్వాత కలుపుకోండి.

పొగ బాగా వస్తుంది కాబట్టి వసారాలోనో పెరట్లోనో స్టవ్ పెట్టుకోండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రపు గాలి లేచాక మంట నిలవదు, పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. ఏం మాడిందని పక్కింటివాళ్లు అడిగితే కాఫీ ఇస్తామని చెప్పండి.

మూకుడు వేడెక్కాక గింజలు పోసి మధ్యస్థంగా మంట పెట్టి, చెయ్యి ఆపకుండా కలపాలి. నాలుగైదు నిమిషాలకి పచ్చరంగు పోయి పసుపు తిరుగుతుంది, ఎండుగడ్డి వాసన వస్తుంది. మనకి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూత సరిగా లేని డబ్బాలో గింజలు చెమ్మ పీల్చుకుంటాయి. అలాంటివి పసుపు తిరగడానికే ఆలస్యం చేస్తాయి. కంగారుపడి మంట పెంచకండి, పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

ఆ తర్వాత గోధుమరంగు వస్తుంది, పొట్టు రాలుతుంది. ఇక్కణ్ణించి గడియారం వదిలేసి చెవి పెట్టండి. దాదాపు తొమ్మిది, పది నిమిషాలప్పుడు గింజలు శెనక్కాయలు చిట్లినట్టు చిటపటలాడతాయి. అదే మొదటి చిట్లు. అప్పటికి గింజ వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్. లోపలి ఆవిరి, వాయువులు గింజని పగలగొడతాయి. వెంటనే మంట తగ్గించండి, లేకపోతే రంగు చేతికి అందకుండా పరిగెడుతుంది.

ఎక్కడ ఆపాలి? చిట్లు ఆగగానే దించితే పులుపు, పూలవాసన ఉంటాయి. నల్ల కాఫీకి అది బాగుంటుంది. పాలు పోసే డికాక్షన్‌కి ఇంకో రెండు నిమిషాలు ఉంచుతాను నేను. సన్నగా, వేగంగా రెండో చిట్లు వినబడబోయే ముందు దించుతాను. రెండో చిట్లు జోరందుకుంటే నూనె పైకి తేలుతుంది, చేదు తప్ప ఇంకేమీ మిగలదు. బజారు పొడి చాలావరకు అలాగే ఉంటుంది, అది ఇష్టమైనవాళ్లతో నాకు తగాదా లేదు.

దించగానే చిల్లుల గిన్నెలో పోసి, ఫ్యాను ముందు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వంపుతూ మూడు నాలుగు నిమిషాల్లో చల్లార్చాలి. మూకుట్లో వదిలేస్తే ఇంకా వేగుతూనే ఉంటాయి. చాటలో చెరిగితే పొట్టు పోతుంది. తూచి చూడండి: 150 గ్రాములు 125 దగ్గరికి వస్తే డికాక్షన్‌కి సరిపడా వేగినట్టు.

వేగిన గింజలు బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. రాత్రంతా మూత వదులుగా పెట్టి, మర్నాడు బిగించండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు పొడి ఇప్పుడు వద్దు, పొడి చేశాక చూద్దాం.

వచ్చే పాఠానికి రెండు విడతలు వేయించి ఉంచండి: ఒకటి మొదటి చిట్లు ఆగగానే దించింది, ఇంకోటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచింది. డబ్బాల మీద తేదీ రాయండి. రెంటినీ పక్కపక్కనే పొడి చేయబోతున్నాం.